ఏడు గంటల మోటారు

"కరెంటు ఇచ్చేస్తానమ్మా. ఇచ్చాక మాత్రం ఒక పావుగంట ఎవరూ ఏసీ వేయకండి. వేశారంటే మళ్ళీ పోతుంది. మళ్ళీ నేను పైకి ఎక్కాలి."

మొన్నటి మే నెలలో విశాఖ మురళీనగర్‌లో మా వీధి మలుపున ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి లైన్‌మన్ అన్న మాట ఇది. అప్పటికి రాత్రి ఎనిమిదీ పది. ఏడున్నరకు ఒకసారి ఫ్యూజు పోయింది. ఆయన వచ్చి వేశారు. వీధి వెలిగింది, పిల్లలు కేరింతలు కొట్టారు. ఆయన బండి స్టార్ట్ చేసేలోపే పైన టప్పుమని చప్పుడై మళ్ళీ చీకటి. రెండోసారి ఫ్యూజు తీగ చుడుతుంటే నేను కింద నుంచి ఫోను లైటు పట్టుకున్నాను. ఆయన చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. సముద్రం ఉన్న ఊరే అయినా ఆకు కదలడం లేదు.

వేసిన ఫ్యూజు వెంటనే ఎందుకు పోయిందని అడిగాను. పని ఆపకుండానే చెప్పారు. కరెంటు పోయినప్పుడు ఎవరూ స్విచ్చులు ఆపరు. ఏసీ, ఫ్రిజ్, మోటారు అన్నీ వేసినవి వేసినట్టే ఉంటాయి. కరెంటు రాగానే వీధి వీధంతా ఒకేసారి లాగుతుంది. దానికి తోడు ఖాళీ అయిన ఇన్వర్టర్ బ్యాటరీలు నింపుకోవడం మొదలుపెడతాయి. మామూలు రోజుల్లో అలా ఉండదు. ఒక ఇంట్లో ఏసీ కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు ఇంకో ఇంట్లోది నడుస్తుంది. "వాటిలో అవి వంతులు వేసుకుంటాయమ్మా. కరెంటు పోయి వస్తే ఆ వంతులు చెడిపోతాయి" అన్నారు.

ఆ మాట ఆ రాత్రి నుంచి నన్ను వదల్లేదు. పావుగంట సంగతి మా అపార్టుమెంటు గ్రూపులో పెట్టాను. వాచ్‌మన్ పక్క రెండు అపార్టుమెంట్లకు వెళ్ళి కేకేసి చెప్పి వచ్చాడు. కొందరు విన్నారు, కొందరు విని ఉండరు. మూడోసారి ఫ్యూజు పోలేదు. ఆ తర్వాత నాలుగు వారాలు నేను మా ఇంటి మీటరును, మా అపార్టుమెంటు మోటారును గమనిస్తూ వచ్చాను. అప్పటి నుంచి ఒక అభిప్రాయం గట్టిపడింది. ఇంట్లో కరెంటు పొదుపు గురించి మాట్లాడేటప్పుడు ముందు అడగవలసింది "ఎప్పుడు వాడుతున్నాం" అని. "ఎంత" అన్నది దాని తర్వాతి ప్రశ్న. ఇంకొకటి, ఆ ప్రశ్నను అన్ని ఇళ్ళనూ ఒకే గొంతుతో అడగకూడదు.

రికార్డు పగలు, కష్టం సాయంత్రం

మూడో అంతస్తులో ఉండే రిటైరైన లెక్కల మాస్టారికి ఈ మాట చెబితే వెంటనే అడ్డుపడ్డారు. 2024 మే 30న దేశంలో విద్యుత్తు డిమాండు 250 గిగావాట్లకు, అంటే రెండున్నర లక్షల మెగావాట్లకు చేరింది. అది అప్పటివరకు అత్యధికం. "ఆ రికార్డు పగటిపూట వచ్చింది కదమ్మా. మన రాష్ట్రంలో పొలాల మోటార్లు నడిచేదీ పగలే. మీరు సాయంత్రం ఆపమంటారేమిటి?" అన్నారు.

ఆయన అన్నది నిజమే. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాకే నాకు అసలు విషయం బోధపడింది. పగలు డిమాండు ఎంత పెరిగినా ఆ వేళకు ఎండ ఉంటుంది. సౌర విద్యుత్తు ధారాళంగా వస్తుంది. సాయంత్రం డిమాండు పగటి కంటే కొంచెం తక్కువే కావచ్చు, కానీ అప్పటికి ఎండ ఉండదు. విశాఖలో మే నెలలో కూడా ఆరున్నర లోపే పొద్దు కుంకుతుంది, గుజరాత్‌లోని కచ్ కంటే దాదాపు గంట ముందు. అక్కడి సోలార్ పలకలు ఇంకా కొంచెం పని చేస్తుండగానే మనం దీపాలు వేసుకుంటాం. మరో గంటకు అక్కడా చీకటి పడుతుంది. అప్పుడు మిగిలేవి బొగ్గు, నీరు, గాలి, కొంత అణువిద్యుత్తు, కొంత గ్యాసు.

బొగ్గు కేంద్రాలు మనకు కొత్తవి కావు. పరవాడ దగ్గర సింహాద్రి 2,000 మెగావాట్లు, పాలవలసలో హిందుజా 1,040 మెగావాట్లు. "రెండు పెద్ద కేంద్రాలు మన గుమ్మంలోనే ఉంటే మనకు కోతలేమిటి" అన్న మాట వేసవి వచ్చిందంటే ప్రతి టీ కొట్టు దగ్గరా వినపడుతుంది. అక్కడ తయారయ్యేది గ్రిడ్‌లోకి, అంటే దేశమంతా కలిపే విద్యుత్తు తీగల వలలోకి వెళుతుంది, గ్రిడ్ నుంచి అందరికీ వెళుతుంది. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు సింహాద్రి ఎంత దగ్గరో చెన్నైలో ఒక వీధికీ అంతే దగ్గర. పైగా తాల్చేరు బొగ్గుతో మండే ఆ బాయిలర్లు మనం స్విచ్చి వేసినంత వేగంగా పైకీ కిందకీ కదలవు. పొద్దు కుంకాక ఒక్కసారిగా లేచే డిమాండును చిటికెలో అందుకోగలిగింది నీరు. మన మన్యంలో 1955లో మొదలైన మాచ్‌ఖండ్, 240 మెగావాట్ల ఎగువ సీలేరు, అంతకంటే పెద్దదైన దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రాలు ఆ పని చేస్తున్నాయి. వేసవిలో ఆ నీరు లెక్కపెట్టుకుని వాడుకోవలసిన నీరు.

డిమాండు అన్నిటికంటే ఎక్కువగా ఉండే వేళను పీక్ అంటారు. వీటన్నిటికీ కింద ఇంకో పీక్ ఉంది. అది మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌ది. దేశంలో కరెంటు పుష్కలంగా ఉన్న రోజున కూడా రాత్రి తొమ్మిదికి మా వీధి ఏసీలన్నీ కలిసి దాన్ని వేడెక్కించగలవు. తీగలో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. పదో తరగతి సైన్సు పుస్తకంలో చదువుకుని మరిచిపోయిన సంగతి, లైన్‌మన్ చేతిలో మసిబారిన ఫ్యూజు తీగ చూసినప్పుడు గుర్తొచ్చింది. మాస్టారికి ఇదంతా చెప్పాను. "అయితే దేశం పీక్ ఒకటి, వీధి పీక్ ఒకటి. రెండూ కలిసేది సాయంత్రమే అంటారు" అని ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు, అది తర్వాత చెబుతాను.

నా గంట, ఇంకొకరి బిల్లు

నన్ను ఎక్కువగా కలచివేసింది ధర. పంపిణీ సంస్థలు కరెంటు కొనుక్కునే విద్యుత్తు ఎక్స్ఛేంజిలో ధర గంటగంటకూ, నిజానికి పావుగంట పావుగంటకూ మారుతుంది. ఎండ ఉన్నంతసేపు చవక. సాయంత్రం కొరత ఉన్న రోజుల్లో యూనిట్ ధర గరిష్ఠ పరిమితి దాకా వెళుతుంది. 2022లో ఆ పరిమితిని 12 రూపాయలు చేశారు, 2023లో 10కి తగ్గించారు. మరి మన రాష్ట్రంలో ఇళ్ళకు 2022 ఆగస్టు నుంచి అమలైన ధరలు చూడండి. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు. 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75. అంటే కొరత ఉన్న సాయంత్రం మార్కెట్లో పదికి కొన్న యూనిట్ నా మీటరులో దాని కంటే తక్కువకే తిరుగుతుంది. ఆ తేడా ఎక్కడికీ పోదు. తర్వాతి నెలల్లో సర్దుబాటు చార్జీ పేరుతో, ట్రూ అప్ (అంచనాకూ అసలు ఖర్చుకూ ఉన్న తేడా) పేరుతో యూనిట్‌కు ఇన్ని పైసలని బిల్లులోకి వచ్చి కూర్చుంటుంది.

ఆ పైసలు వేసేటప్పుడు సాయంత్రం ఏడింటికి ఎవరు ఏమి నడిపారని ఏ బిల్లూ అడగదు. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ కంచరపాలెంలో ఒక గదిలో ఉంటారు. రెండు ఫ్యాన్లు, రెండు బల్బులు, ఒక టీవీ. ఆవిడ తన బిల్లు తెచ్చి ఈ సర్దుబాటు అంటే ఏమిటని నన్ను అడిగారు. నాకు తెలిసినంత చెప్పాను. చెబుతున్నప్పుడు మా హాలులో ఏసీ నడుస్తోంది. ఎవరూ లేని హాలు అది, పిల్లలు చదువుకోవడానికి లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. ఆవిడ ఏమీ అనలేదు, ఆ ఏసీ వైపు చూడనూ లేదు. నేనే లేచి ఆపాను. నా ఖర్చు నేను పెట్టుకుంటున్నాను, ఎవరికేమిటి అనుకునే వీలు ఆ రోజుతో పోయింది. నేను పెడుతున్నది నా ఖర్చు మొత్తం కాదు. కొంత ఆవిడ కూడా పెడుతున్నారు.

వినపడని మోటారు

మా అపార్టుమెంటులో ఇరవై ఇళ్ళు. ఈ ఏడాది అసోసియేషన్ కార్యదర్శి బాధ్యత నాది. మున్సిపల్ నీళ్ళు పొద్దున సంపులోకి వస్తాయి, అక్కడి నుంచి పై ట్యాంకుకు 3 హెచ్‌పీ మోటారు ఎక్కిస్తుంది. రెండేళ్ళ కిందట వాచ్‌మన్ కష్టం తగ్గుతుందని ఆటోమేటిక్ పెట్టించాం. ట్యాంకులో నీళ్ళు ఒక గీత కిందికి దిగితే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది, నిండితే ఆగుతుంది. అందరం సంతోషించాం, తర్వాత మోటారు సంగతి మరిచిపోయాం.

మే నెల గొడవ తర్వాత ఒక వారం రోజులు అది ఎప్పుడు ఆన్ అవుతోందో రాసి ఉంచమని వాచ్‌మన్ భార్యకు చెప్పాను. చిన్న నోటు పుస్తకంలో ఆవిడ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. 7.05, 6.50, 7.10, 7.00. వారమంతా అదే వరస. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. అందరూ ఆఫీసుల నుంచి, ట్యూషన్ల నుంచి వచ్చి స్నానాలు చేసేది ఆరున్నర, ఏడు మధ్య. నీళ్ళు దిగుతాయి. మోటారు మేలుకుంటుంది. ఊరంతా లాగే వేళకే మేమూ రెండు కిలోవాట్లకు పైగా లాగుతున్నాం, ఇరవై ఇళ్ళలో ఒక్కరికీ తెలియకుండా. పాత పద్ధతే ఉంటే వాచ్‌మన్ మధ్యాహ్నం ఎప్పుడో మోటారు వేసేవాడు. సౌకర్యం కోసం తెచ్చిన యంత్రం మమ్మల్ని తీసుకెళ్ళి సరిగ్గా పీక్‌లో నిలబెట్టింది. ఇలాంటి మోటార్లు ఈ ఊళ్ళో ఎన్ని వేల సెల్లార్లలో ఉన్నాయో.

దీనికి చికిత్స పెద్దదేమీ కాదు. టైమర్ స్విచ్చి ఒకటి పెట్టించాం. మధ్యాహ్నం నాలుగింటికి ట్యాంకు నిండేలా చేసి, ఆరు నుంచి పది వరకు మోటారు పని చేయకుండా ఆపేశాం. ఎలక్ట్రీషియన్ కూలితో కలిపి రెండు వేల రూపాయలు కాలేదు. మొదటి వారంలోనే ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ట్యాంకు ఖాళీ అయింది. గ్రూపులో నా మీద విరుచుకుపడ్డారు. దేశసేవ నీళ్ళతో చేయకూడదని ఒకరు రాశారు. నాకు చాలా బాధ కలిగింది. టైమర్ పక్కకు వేసి ఆ రాత్రికి మోటారు ఆన్ చేశాను. మర్నాడు ప్లంబరును పిలిచి చూపిస్తే రెండో అంతస్తులో ఒక ఫ్లష్ ట్యాంకు రోజంతా సన్నగా కారుతోంది. ఎన్ని నెలల నుంచి కారుతోందో. అడిగినప్పుడల్లా మోటారు నింపి పెడుతుండటంతో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. అది బాగుచేశాక రాత్రి పది వరకు ట్యాంకులో మూడో వంతు మిగులుతోంది.

ఎవరి చేతులు?

ఇంతవరకు సులువు. ఇల్లు దగ్గరికి వచ్చేసరికి నాకే సందేహాలు మొదలయ్యాయి.

పొదుపు సలహాలు రాసేవాళ్ళు "ఇస్త్రీ, బట్టలు ఉతకడం, రుబ్బడం పగలు చేసుకోండి" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. పగలు ఎవరు చేయాలి? నేను ఆఫీసు నుంచి ఇంటికి చేరేది ఆరున్నరకు. పిల్లల యూనిఫారాలు, మర్నాటి పిండి, వంట అన్నీ ఆ తర్వాతే. సాయంత్రం పీక్ అని గ్రిడ్ వాళ్ళు పిలిచే వేళ, ఉద్యోగం చేసే ఆడవాళ్ళ రెండో ఉద్యోగం మొదలయ్యే వేళ ఒకటే. ఆ పనులు రాత్రి పది తర్వాతకు జరపమంటే వాళ్ళ నిద్రలో నుంచి గంట కోసి గ్రిడ్‌కు ఇమ్మన్నట్టే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేసుకోమన్నా అంతే. ఈ పొదుపు ఎవరి ఒంటి మీద పడుతోందో చూడకుండా ఇచ్చే సలహా నాకు అక్కరలేదు.

అందుకే నేను ఒక గీత గీసుకున్నాను. మనిషి చేతులు అవసరమైన పని ఎప్పుడు వీలైతే అప్పుడే చేసుకోవాలి. చేతులు అక్కరలేని పనిని జరపాలి. నీళ్ళ మోటారుకు చేతులు అక్కరలేదు. వాషింగ్ మెషీన్‌లో రాత్రి బట్టలు వేసి పొద్దున ఐదింటికి మొదలయ్యేలా పెట్టవచ్చు, ఈ సదుపాయం చాలా మెషీన్లలో ఉంది, మాదాంట్లో ఉందని ఆరేళ్ళ తర్వాత తెలిసింది. గీజరుకు టైమర్ పెట్టవచ్చు. 2,000 వాట్ల గీజరు ఒక్కటి లాగే కరెంటుతో 75 వాట్ల పాత ఫ్యాన్లు ఇరవై ఆరు తిరుగుతాయి. విశాఖ చలికి సాయంత్రం గీజరు నిజంగా ఎన్ని రోజులు కావాలో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. ఇస్త్రీ, రుబ్బు, మిక్సీ సంగతి వదిలేశాను. వాటి మీద ఎవరూ నన్ను తప్పు పట్టనక్కరలేదు, నేనూ ఎవరినీ పట్టను.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది, చెప్పాలి. జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా అత్తగారు బాల్కనీ గుమ్మంలో కుర్చీ వేసుకుని విసనకర్రతో విసురుకుంటున్నారు. మెడ మీద చెమట కాలువలు కడుతోంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. వెనక గదిలో ఫ్యాన్ ఆగి ఉంది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. పోలేదు. "నువ్వు మీటరు రాసుకుంటున్నావు కదమ్మా, నా ఫ్యాన్ వల్ల నీ లెక్క చెడిపోతుందని ఆపాను" అన్నారు. ఆవిడకు డెబ్బై ఆరేళ్ళు, రక్తపోటు ఉంది. విశాఖలో ఉష్ణోగ్రత అంకె చూసి మోసపోకూడదు. ముప్ఫై నాలుగు డిగ్రీలకే ఉక్కపోత మనిషిని సొమ్మసిల్లిపోయేలా చేస్తుంది. ఫ్యాన్ వేసి, మజ్జిగ ఇచ్చి, పక్కన కూర్చున్నాను. ఇంట్లో ఎవరు ముందుగా త్యాగానికి సిద్ధపడతారో ఆ రోజు కళ్ళారా చూశాను. ఎప్పుడూ తక్కువ వాడేవాళ్ళే ఇంకా తగ్గించుకుంటారు. హాలులో ఏసీ వేసుకున్న మాకు ఆ ఆలోచనే రాలేదు. మర్నాడు ఆవిడ గదిలో పాత ఫ్యాన్ తీయించి ముప్ఫై వాట్లలోపు నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టించాను. ఫ్యాను జోలికి ఏ వేళా వెళ్ళకూడదన్నది మా ఇంట్లో ఇప్పుడు నియమం.

మీటరు లెక్క ఏమైందంటే, మొదటి రెండు వారాల్లో మా ఇల్లు రోజుకు సగటున 12 యూనిట్లు వాడింది. అందులో నాలుగున్నర సాయంత్రం ఆరు, పది మధ్యే. తర్వాతి రెండు వారాల్లో ఆ నాలుగు గంటల వాడకం రెండున్నరకు దిగింది. హాలు ఏసీ మానేయడం, పడకగది ఏసీ పది తర్వాత 26 మీద పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పడం, మెషీన్ తెల్లవారుజాముకు మార్చడం, అంతే. రోజు మొత్తం చూస్తే తగ్గింది ఒక్క యూనిటే. నెలకు 30 యూనిట్లు, నా శ్లాబులో 260 రూపాయల చిల్లర. మిగిలిన యూనిట్ తగ్గలేదు, వేళ మార్చుకుంది. బిల్లు కోసమే అయితే ఇంత శ్రద్ధ ఎవరూ చూపించరు. మనం వేళ మార్చిన సంగతి బిల్లుకు తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు తెలుస్తుంది.

"మేమొక్కరం ఆపితే?"

ఈ ప్రశ్నను మా అపార్టుమెంటులో కనీసం పదిమంది అడిగారు. వాళ్ళకు నేను 2020 ఏప్రిల్ 5 గుర్తు చేశాను. కరోనా లాక్‌డౌన్‌లో ఆ రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు ఇళ్ళలో దీపాలార్పమన్నారు. 12 వేల నుంచి 14 వేల మెగావాట్లు తగ్గవచ్చని గ్రిడ్ నిర్వాహకులు అంచనా వేసుకున్నారు. తగ్గింది 31 వేల మెగావాట్ల పైమాటే. ఆ కుదుపును తట్టుకోవడానికి జలవిద్యుత్ కేంద్రాలను ముందే సిద్ధంగా ఉంచారు. ఆ పిలుపు మంచిదా కాదా అన్న చర్చలోకి నేను వెళ్ళడం లేదు. ఒక్కో ఇంట్లో నాలుగు బల్బులు, అన్నీ కలిసి సింహాద్రి లాంటి కేంద్రాలు పదిహేను. ఒక్కో ఇల్లు లెక్కలోకి రాదన్న మాట నేను ఆ అంకె చూశాక అనలేను.

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి. ముందుచూపుతో కేంద్రాలు కట్టడం, బ్యాటరీలు పెట్టడం, ట్రాన్స్‌ఫార్మర్లు మార్చడం ప్రభుత్వాల పని. ఆ పని చేయక గృహిణి మీద నేరం మోపుతున్నారు. బీచ్ రోడ్డులో పెద్ద పెద్ద ప్రకటనల తెరలు రాత్రంతా మెరుస్తుంటే నేనెందుకు ఏసీ ఆపాలి? మాస్టారు పెట్టిన షరతు కూడా ఇదే. "ముందు వాళ్ళను అడిగి, తర్వాత మమ్మల్ని అడగండి." ఈ కోపం న్యాయమైనది. ఆ తెరల మీద, ఖాళీ షోరూముల్లో నడిచే ఏసీల మీద అధికారులకు అసోసియేషన్ తరఫున లేఖ రాద్దామని ఆయన అంటే సరేనన్నాను. ఆయనే రాశారు, నేను సంతకం పెట్టాను.

కానీ అవతలివాళ్ళు ఆపేవరకు ఆగుదామంటే నాకు 2022 ఏప్రిల్ గుర్తొస్తుంది. అప్పుడు రాష్ట్రంలో కొరత వచ్చి రెండు వారాలు పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. ఎప్పుడూ నడవవలసిన పరిశ్రమలను సగం కరెంటుతో నడుపుకోమన్నారు, మిగిలినవాటికి వారపు సెలవుకు తోడు మరో సెలవు. ఇళ్ళకు ఇవ్వడానికే ఆ ఏర్పాటు. మా పిన్ని కొడుకు ఆటోనగర్‌లో ఒక చిన్న లేత్ షెడ్డులో రోజుకూలీ. ఆ రెండు వారాల్లో అదనపు సెలవు రోజులకు అతనికి కూలి లేదు. మా ఇంట్లో ఏసీ ఒక్క రోజూ ఆగలేదు. పండుగకు వచ్చినప్పుడు మాటల మధ్య ఈ సంగతి చెప్పి నవ్వేశాడు. నేను అడిగితే తప్ప ఆ విషయమే ఎత్తేవాడు కాదు. కొరత వచ్చినప్పుడు ఎవరో ఒకరు వదులుకోక తప్పదు. వదులుకునేది ఎవరన్నది మాత్రం ఇప్పటివరకు గట్టిగా అడగలేనివాళ్ళ వంతుకే వస్తోంది.

వంతు

మా తాతగారి పొలం నాగావళి కాలువ కింద. నీళ్ళు తక్కువైన ఏడు వంతులు వేసేవారు. మా మళ్ళకు తరచుగా రాత్రి వంతు వచ్చేది. లాంతరు పట్టుకుని గట్టు మీద కూర్చునే ఆయన వెంట చిన్నప్పుడు ఒకసారి నేనూ వెళ్ళాను. రాత్రి వంతు వచ్చినందుకు ఆయన ఎవరినీ తిట్టడం వినలేదు. పగలు వంతు ఉన్నవాడు గండి కొట్టి ఎక్కువ నీళ్ళు పెట్టుకుంటే మాత్రం ఊరంతా వెళ్ళి అడిగేది. అందరికీ ఒకే వేళ నీళ్ళు కావాలంటే కాలువ చివరి మడి ఎండిపోతుంది. అది అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఈ నగరం కూడా ఆ పని చేసింది. స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధిలో నాలుగు అపార్టుమెంట్లు కలిసి ఒక జనరేటరు అద్దెకు తెచ్చుకున్నాయి. ఒక్కో అపార్టుమెంటుకు నలభై నిమిషాలు, మోటారు ఒక్కటే. వంతుల చీటీ మా గేటుకు అంటించి ఉండేది. డయాలిసిస్ చేయించుకునే ఒక పెద్దాయన ఇంటికి మాత్రం ఎప్పుడంటే అప్పుడు. దాని మీద ఒక్కరూ మారు మాట్లాడలేదు. అధికారులెవరూ చెప్పకుండానే వీధి తనంతట తాను తేల్చుకున్న లెక్క అది. 2011లో సునామీ తర్వాత జపాన్‌లో కార్ల కంపెనీలు ఆ వేసవి గురు, శుక్రవారాలు సెలవు తీసుకుని శని, ఆదివారాలు పని చేశాయని చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మా గేటు మీది చీటీనే కొంచెం పెద్ద కాగితం మీద రాశారు.

ఇప్పుడు ఆ వంతును ధర రూపంలో తెస్తున్నారు. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఏ వేళ ఎంత వాడామో నమోదు చేసే స్మార్ట్ మీటర్లున్న ఇళ్ళకు కూడా వేళను బట్టి ధరలుండాలి. ఎండ వేళల్లో మామూలు ధర కంటే 10 నుంచి 20 శాతం తక్కువ, పీక్ వేళల్లో 10 నుంచి 20 శాతం ఎక్కువ. పగలు తగ్గించడాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. సాయంత్రం పెంచడం దగ్గర మాత్రం నా మనసు రెండుగా ఉంది. నాలాంటి ఇంట్లో ఆ ధర చూస్తే హాలు ఏసీ ఆగుతుంది. కంచరపాలెం గదిలో ఆపడానికి ఏముంది? రెండు ఫ్యాన్లు, రెండు బల్బులు, టీవీ. జరపడానికి ఏమీ లేని ఇంటికి పీక్ ధర వేస్తే అది పేదరికం మీద వేసిన పన్ను అవుతుంది. నెలకు 100 యూనిట్లు దాటని ఇళ్ళకు సాయంత్రం పెంపు ఉండకూడదు. గీజరు, రెండు ఏసీలు, కారు చార్జరు ఉన్న ఇళ్ళకు 20 శాతం కంటే ఎక్కువ వేసినా నేను అభ్యంతరం చెప్పను, నాది అందులో ఉన్నా సరే.

ధర వచ్చేవరకు మేము ఆగడం లేదు. పోయిన నెల మొదటి అంతస్తువాళ్ళు, నాలుగో అంతస్తువాళ్ళు ఎలక్ట్రిక్ స్కూటర్లు కొన్నారు. సెల్లారులో చార్జింగ్ పాయింట్లు కావాలని అర్జీ ఇచ్చారు. ఇంకో ఇంట్లో కారు బుక్ చేసుకున్నారు. స్కూటరు ఇంటికి వచ్చేది ఆరున్నరకు, వైరు తగిలించేది వెంటనే. మోటారును ఆ వేళ నుంచి తప్పించి ఎంతో కాలం కాలేదు, దాని చోటు ఖాళీగా ఉంది. పాయింట్లు ఇద్దాం కానీ రాత్రి పదకొండు నుంచి ఐదు వరకే కరెంటు వచ్చేలా టైమర్‌తో ఇద్దామని నేను ప్రతిపాదన రాశాను. రాత్రి డ్యూటీకి వెళ్ళే నర్సు ఒకరు రెండో అంతస్తులో ఉన్నారు, రేపు ఆవిడా స్కూటరు కొంటే ఎలా అని మాస్టారు అడిగారు. ఆవిడ ఇంటికి వచ్చేది పొద్దున ఎనిమిదికి, కనుక ఆవిడ పాయింటుకు పగటి వంతు రాశాను. వచ్చే ఆదివారం పదింటికి టెర్రస్ మీద మీటింగు.